సర్వర్‌కు మీరు గుర్తుండరు: బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే తీరు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. సొంతంగా ఒక చిన్న సైట్ రాస్తున్నారు. లాగిన్ పేజీలో పేరు, పాస్‌వర్డ్ ఇస్తే సర్వర్ సరే అంటోంది. ఇంకో పేజీకి వెళ్లగానే మళ్లీ లాగిన్ అవ్వమంటోంది. "రెండు సెకన్ల క్రితమే కదా నేనెవరో చెప్పాను, అప్పుడే ఎలా మరచిపోయింది? అసలు బ్రౌజర్‌కూ సర్వర్‌కూ మధ్య ఏం జరుగుతుంది?" అని అడిగారు.

మరచిపోవాలంటే ముందు గుర్తుండాలి కదా. సర్వర్ మిమ్మల్ని ఎప్పుడూ గుర్తుపెట్టుకోలేదు. ఒక ప్రశ్న వస్తుంది, జవాబు ఇస్తుంది, పలక తుడిచేస్తుంది. మరుక్షణం అదే బ్రౌజర్ నుంచి ఇంకో ప్రశ్న వచ్చినా దానికి అది కొత్త మనిషి అడిగినట్టే. మనం లాగిన్ అయి ఉన్నట్టు కనిపించే ప్రతి సైటూ ఈ మతిమరుపు మీదే కట్టినది. మీ బగ్ కూడా దాదాపుగా ఇక్కడే ఉంది. అందుకే నేరుగా "ఈ లైన్ మార్చండి" అనకుండా మొదటి నుంచి చెబుతాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే విషయం తేలిగ్గా పట్టుబడుతుంది. సెర్న్ అనే పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ వెబ్‌ను తయారుచేసిన రోజుల్లో, 1991 నాటి హెచ్‌టీటీపీలో (బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే భాష ఇది) ప్రశ్న అంటే ఒకే ఒక్క వరుస: గెట్ అనే మాట, దాని పక్కన కావలసిన పేజీ దారి. అంతే. జవాబుగా సర్వర్ ఆ పేజీ హెచ్‌టీఎంఎల్‌ను పంపి కనెక్షన్ మూసేసేది. అదనపు వివరాలు చెప్పే హెడర్లు లేవు, పని జరిగిందో లేదో చెప్పే స్టేటస్ కోడ్‌లు లేవు, లాగిన్ అనే ఊసే లేదు. కాగితాలు చదువుకోవడానికి కట్టిన ఏర్పాటు అది. చదివేవాడు ఎవరైతే దానికేం? ఆ తర్వాత 30 ఏళ్లకు పైగా దాని మీద ఎన్ని అంతస్తులు లేపినా పునాది మాత్రం అదే: బ్రౌజర్ అడుగుతుంది, సర్వర్ చెబుతుంది.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. హెచ్‌టీటీపీలో అది అక్షరాలా నిజం. సర్వర్ తనంతట తాను మీ బ్రౌజర్‌ను పిలవలేదు. చాట్‌లో మెసేజ్‌లు వాటంతట అవే వచ్చి పడుతున్నాయి కదా అంటారేమో. అక్కడ కూడా వెబ్‌సాకెట్ లాంటి కనెక్షన్‌ను ముందు తెరిచేది బ్రౌజరే. ఒకసారి తెరుచుకున్నాక ఇద్దరూ మాట్లాడుకుంటారు. తలుపు తట్టేది ఎప్పుడూ బ్రౌజర్ వైపు నుంచే.

ఇప్పుడు మీరు అడ్రస్ టైప్ చేసి ఎంటర్ కొట్టారు. ముందుగా బ్రౌజర్‌కు ఆ పేరు వెనకున్న ఐపీ అడ్రస్, అంటే ఆ సర్వర్ నంబర్ కావాలి. తన దగ్గర, మీ కంప్యూటర్ దగ్గర ఇంతకుముందు దాచుకున్నది లేకపోతే డీఎన్‌ఎస్‌ను అడుగుతుంది. డీఎన్‌ఎస్ ఒక పెద్ద గొలుసు: రూట్ సర్వర్లు "డాట్ కామ్ సంగతి వాళ్లకు తెలుసు" అంటాయి, డాట్ కామ్ సర్వర్లు "ఈ పేరు సంగతి ఫలానా సర్వర్‌కు తెలుసు" అంటాయి, చివరికి నంబర్ దొరుకుతుంది. ఈ తిరుగుడంతా మధ్యలో ఉండే రిజాల్వర్ మన తరఫున చేసిపెడుతుంది. మీ సమస్యకు దీనితో పని లేదు కాబట్టి ఇక్కడితో వదిలేస్తున్నాను.

నంబర్ దొరికాక కనెక్షన్. ఇది అందరూ తేలిగ్గా తీసుకునే భాగం, కానీ సైట్ నిదానంగా ఉందని బాధపడే వాళ్లలో చాలామందికి జవాబు ఇక్కడే ఉంటుంది. సర్వర్ మీకు 10,000 కిలోమీటర్ల దూరంలో ఉందనుకోండి. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. అంటే ఎంత మంచి లైన్ ఉన్నా వెళ్లడానికి 50 మిల్లీసెకన్లు, తిరిగి రావడానికి 50. ఒక రాకపోకకు 100. ఇక లెక్క పెట్టండి. కనెక్షన్ తెరిచే పద్ధతి అయిన టీసీపీలో ముందు "మాట్లాడదామా", "సరే, నువ్వు రెడీనా", "రెడీ" అని మూడు పలకరింపులు ఉంటాయి. మూడోదాని కోసం ఆగనక్కర్లేదు కాబట్టి దీనికి ఒక రాకపోక. తర్వాత మధ్యలో ఎవరూ చదవకుండా మాటలకు తాళం వేసుకోవడానికి టీఎల్‌ఎస్. పాత 1.2 వెర్షన్‌లో దీనికి రెండు రాకపోకలు. ఆ తర్వాతే అసలు ప్రశ్న, జవాబు: ఇంకొకటి. మొత్తం 400 మిల్లీసెకన్లు పోయాక గానీ జవాబులో మొదటి అక్షరం రాదు. సర్వర్‌లో మీ కోడ్ 2 మిల్లీసెకన్లలో పని ముగించినా ఇంతే.

అందుకే 2018లో వచ్చిన టీఎల్‌ఎస్ 1.3 ఒక రాకపోకను తగ్గించింది, 300కి వచ్చింది. 2022లో ప్రామాణికమైన హెచ్‌టీటీపీ/3 అసలు టీసీపీనే పక్కనపెట్టి, పలకరింపులు లేని యూడీపీ మీద నడిచే క్విక్ అనే పద్ధతిని వాడుతుంది. పలకరింపూ తాళమూ ఒకే విడతలో అయిపోతాయి, 200 చాలు. ఇంకో సంగతి: ఒకసారి తెరిచిన కనెక్షన్‌ను మూయకుండా ఉంచితే తర్వాతి ప్రశ్నకు 100 మాత్రమే. హెచ్‌టీటీపీ/1.1 నుంచీ ఇది మామూలు పద్ధతి. ఇక్కడే చాలామంది పొరబడతారు. కనెక్షన్ తెరిచే ఉంది కాబట్టి సర్వర్‌కు మనం గుర్తుంటాం అనుకుంటారు. ఉండం. ఒకే కనెక్షన్‌లో పది ప్రశ్నలు వచ్చినా ప్రతిదీ విడి ప్రశ్నే. మధ్యలో ప్రశ్నలను పలు మెషీన్లకు పంచే లోడ్ బ్యాలెన్సర్ ఉంటే ఆ పదీ పది వేర్వేరు మెషీన్లకు వెళ్లినా ఆశ్చర్యం లేదు.

టీఎల్‌ఎస్ గురించి ఒక్క మాట. హెచ్‌టీటీపీఎస్, అంటే టీఎల్‌ఎస్ తాళం వేసిన హెచ్‌టీటీపీ ఉంటే దారిలో ఉన్నవాళ్లకు పేజీ దారి, హెడర్లు, కుకీలు, పాస్‌వర్డ్ ఏవీ కనిపించవు. మీరు ఏ ఐపీ అడ్రస్‌తో మాట్లాడుతున్నారో మాత్రం కనిపిస్తుంది, సైట్ పేరు కూడా సాధారణంగా తెలిసిపోతుంది. డెవలపర్ టూల్స్‌లో తమ పాస్‌వర్డ్ ఉన్నది ఉన్నట్టుగా కనిపించేసరికి కొత్తవాళ్లు కంగారు పడుతుంటారు. టెన్షన్ అక్కర్లేదు. అది మీ సొంత బ్రౌజర్, తాళం వేయకముందు చూపిస్తున్నది.

ఇప్పుడు అసలు ప్రశ్న ఎలా ఉంటుందో దగ్గర నుంచి చూద్దాం. మీ లాగిన్ ఫారం నింపి బటన్ నొక్కగానే బ్రౌజర్ పంపేది మామూలు రాతే. మొదటి వరుసలో మూడు ముక్కలు: పోస్ట్ అనే మాట, లాగిన్ పేజీ దారి, హెచ్‌టీటీపీ వెర్షన్. తర్వాత వరుసకొకటి చొప్పున హెడర్లు. హోస్ట్ అనే హెడర్‌లో సైట్ పేరు ఉంటుంది. ఒకే ఐపీ మీద వందల సైట్లు ఉండవచ్చు కాబట్టి నాకు ఏది కావాలో చెప్పడానికి అది తప్పనిసరి. కంటెంట్-టైప్ అనేది కింద వచ్చే సరుకు ఏ రూపంలో ఉందో చెబుతుంది. కంటెంట్-లెంగ్త్ అది ఎన్ని బైట్లో చెబుతుంది. ఆ తర్వాత ఒక ఖాళీ వరుస. ఆ ఖాళీ వరుసే హెడర్లు అయిపోయాయనడానికి గుర్తు. దాని కింద బాడీ: యూజర్ ఈక్వల్ టు ఫలానా, పాస్‌వర్డ్ ఈక్వల్ టు ఫలానా. హెచ్‌టీటీపీ/2 నుంచి ఇది తీగ మీద బైనరీ రూపంలో, హెడర్లను కుదించి వెళ్తుంది. అర్థంలో మాత్రం తేడా లేదు, బ్రౌజర్ మీకు చూపించేదీ ఇదే.

ఇందులో ఏముందో ఒకటికి రెండుసార్లు చదవండి. మీరు నిన్న ఏం చేశారో, ఐదు నిమిషాల క్రితం ఏ పేజీ చూశారో చెప్పే వరుస ఒక్కటి కూడా లేదు. సర్వర్ చేతికి అందే కాగితం ఇదొక్కటే. దీనిలో రాసి లేనిది దానికి తెలిసే దారి లేదు.

గెట్, పోస్ట్ తేడా కూడా ఇక్కడే చెప్పేస్తాను. గెట్ అంటే చూపించు అని మాత్రమే. గెట్ వల్ల సర్వర్‌లో ఏదీ మారకూడదు. ఎందుకంటే గెట్‌ను బ్రౌజర్ ఎన్నిసార్లయినా పంపవచ్చు, ముందే తెచ్చిపెట్టుకోవచ్చు, సెర్చ్ ఇంజిన్ల క్రాలర్లు కనిపించిన ప్రతి లింకునూ తట్టి చూస్తాయి. డిలీట్‌ను మామూలు లింకుగా పెట్టిన పేజీలోకి క్రాలర్ అడుగుపెడితే ఏమవుతుందో ఊహించుకోండి. ఇక పాస్‌వర్డ్‌ను గెట్‌లో పంపితే అది యూఆర్‌ఎల్‌లోకి ఎక్కుతుంది, అక్కడి నుంచి బ్రౌజర్ హిస్టరీలోకి, సర్వర్ లాగ్‌లలోకి. దయచేసి ఎప్పుడూ చేయకండి.

జవాబు కూడా అదే అచ్చులో ఉంటుంది: ఒక స్టేటస్ వరుస, హెడర్లు, ఖాళీ వరుస, బాడీ. స్టేటస్ కోడ్‌లో మొదటి అంకె చూస్తే చాలు. 2 అయితే పని జరిగింది, 3 అయితే వేరేచోటికి వెళ్లు లేదా నీ దగ్గరున్నదే వాడుకో, 4 అయితే అడగడంలో తప్పుంది, 5 అయితే సర్వర్ వైపు తప్పుంది. 401కీ 403కీ తేడా మీకు పనికొస్తుంది: 401 అంటే నువ్వెవరో తెలియడం లేదు, 403 అంటే నీకు అనుమతి లేదు. 502, 504 వస్తే ముందుండి ప్రశ్నలను అందుకునే ప్రాక్సీ బాగానే ఉంది, దాని వెనకున్న మీ అప్లికేషన్ సరైన జవాబు ఇవ్వలేదు లేదా వేళకు ఇవ్వలేదు. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. తప్పు జరిగినా 200 పంపి, బాడీలో "ఎర్రర్" అని రాసే అలవాటు చేసుకోకండి. బాడీని మనిషి చదువుతాడు. బ్రౌజర్, జవాబులను దాచి మళ్లీ ఇచ్చే కాష్, క్రాలర్, మానిటరింగ్ అన్నీ నమ్ముకునేది కోడ్‌నే.

పాస్‌వర్డ్ సరిపోయింది. మీ సర్వర్ ఏం పంపాలి? ఇక్కడే మీ ప్రశ్నకు జవాబు.

1994లో నెట్‌స్కేప్‌లో పనిచేస్తున్న లూ మాంటుల్లికి ఇలాంటి చిక్కే ఎదురైంది. ఆన్‌లైన్ దుకాణంలో కొనుగోలుదారు బుట్టలో ఏమేం వేసుకున్నాడో పేజీ మారినా నిలవాలి, సర్వర్‌కేమో గుర్తుండదు. ఆయన సర్వర్‌కు జ్ఞాపకశక్తి ఇవ్వలేదు. గుర్తుపెట్టుకునే పనిని బ్రౌజర్‌కు అప్పగించాడు. సర్వర్ ఒక చీటీ రాసిస్తుంది, బ్రౌజర్ దాన్ని దాచుకుని ఆ సైట్‌కు వెళ్లే ప్రతి ప్రశ్నతో పాటు తిరిగి చూపిస్తుంది. అదే కుకీ.

మీ లాగిన్ విషయంలో అది ఇలా నడవాలి. సర్వర్ ఎవరూ ఊహించలేని ఒక పొడవాటి యాదృచ్ఛిక సంఖ్యను తయారుచేస్తుంది. "ఈ సంఖ్య అంటే 42వ నంబర్ యూజర్" అని తన డేటాబేస్‌లో రాసుకుంటుంది. జవాబులో సెట్-కుకీ అనే హెడర్ పెట్టి ఆ సంఖ్యను పంపుతుంది. దానితోపాటు 303 స్టేటస్, లొకేషన్ హెడర్‌లో కొత్త పేజీ దారి. బ్రౌజర్ సంఖ్యను దాచుకుని, కొత్త పేజీకి గెట్ పంపుతుంది. ఈసారి ఆ ప్రశ్నలో కుకీ అనే హెడర్ ఒకటి అదనంగా ఉంటుంది, అందులో అదే సంఖ్య. సర్వర్ దాన్ని చదివి, డేటాబేస్‌లో వెతికి, "ఓహో, 42వ యూజర్" అనుకుని పేజీ ఇస్తుంది, మళ్లీ పలక తుడిచేస్తుంది. తర్వాతి క్లిక్‌కు మళ్లీ ఇదే తంతు. లాగిన్ అయి ఉండటం అనే స్థితి తీగ మీద ఎక్కడా లేదు. ప్రతిసారీ చీటీ చూపించడం మాత్రమే ఉంది.

ఆ చీటీ ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మీరు. అందుకే దానికి మూడు గుర్తులు తగిలిస్తారు. హెచ్‌టీటీపీ-ఓన్లీ పెడితే పేజీలోని జావాస్క్రిప్ట్ దాన్ని చదవలేదు. సెక్యూర్ పెడితే హెచ్‌టీటీపీఎస్ మీద మాత్రమే వెళ్తుంది. సేమ్-సైట్ పెడితే వేరే సైట్ నుంచి పుట్టిన ప్రశ్నలతో కలిసి వెళ్లకుండా కట్టడి చేయవచ్చు. మూడూ పెట్టండి, కానీ సెక్యూర్ మీ బగ్‌కు ఒక కారణం అయి ఉండవచ్చు, కిందకు వచ్చాక చెబుతాను.

సర్వర్ మతిమరుపు మనిషి అయితే, దారి మధ్యలో ఉండే కాష్ దానికి పూర్తి విరుద్ధం. ఒకసారి చూసింది వదలదు. కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో రద్దీ పెరిగిందని సర్వర్ ముందు ఒక కాష్ పెట్టాం. ఒకే యూఆర్‌ఎల్‌కు వచ్చిన జవాబును 60 సెకన్లు దాచి, ఆలోపు ఎవరు అడిగినా అదే ఇవ్వమన్నాం. వేగం పెరిగింది, అందరం సంతోషించాం. మధ్యాహ్నానికి ఒక యూజర్ ఫోన్ చేసి, నా పేజీ పైన వేరే ఎవరి పేరో కనిపిస్తోందన్నారు. ఎవరో చొరబడ్డారనుకుని గుండె గుభేలుమంది. రెండు గంటలు సెషన్ కోడ్ (చీటీ చూసి యూజర్‌ను గుర్తుపట్టే కోడ్) అంతా జల్లెడ పట్టాం. అక్కడ తప్పేమీ లేదు. సర్వర్ ఎవరి చీటీకి వాళ్ల పేజీనే ఇస్తోంది. మధ్యలోని కాష్ మాత్రం యూఆర్‌ఎల్‌నే చూస్తోంది, కుకీని చూడటం లేదు. మొదట అడిగిన మనిషి పేజీని నిమిషం పాటు అందరికీ పంచుతోంది. ఆ పేజీల జవాబుల్లో కాష్-కంట్రోల్ హెడర్‌కు నో-స్టోర్ అని ఒక్క మాట చేర్చి, ఆ హెడర్‌ను పాటించమని కాష్‌కు చెప్పాక ఆగింది. ఆ రోజు నుంచి మనిషిని బట్టి మారే ఏ పేజీకైనా ఆ హెడర్ ఉందో లేదో చూడకుండా నేను కోడ్ పైకి పంపను. బొమ్మలు, సీఎస్‌ఎస్ లాంటివి మాత్రం నిక్షేపంగా ఎక్కువ కాలం కాష్ చేయనివ్వండి. ఒక పేజీ తెరిస్తే హెచ్‌టీఎంఎల్ వెనకాలే ఇలాంటివి పదుల కొద్దీ ప్రశ్నలుగా వెళ్తాయి, వాటిని మళ్లీ మళ్లీ తెప్పించడం దండగ.

ఇక మీ బగ్. ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్ తెరవండి. పేజీ మారినా జాబితా చెరిగిపోకుండా ఉండటానికి అక్కడ ప్రిజర్వ్ లాగ్ అని ఉంటుంది, టిక్ పెట్టండి. ఫైర్‌ఫాక్స్‌లో దాని పేరు పర్సిస్ట్ లాగ్స్. ఇప్పుడు లాగిన్ అవ్వండి.

లాగిన్ జవాబు మీద క్లిక్ చేసి రెస్పాన్స్ హెడర్లలో సెట్-కుకీ ఉందేమో చూడండి. లేకపోతే మీ సర్వర్ చీటీ ఇవ్వడమే లేదు, తప్పు లాగిన్ కోడ్‌లో ఉంది. ఉంటే తర్వాతి పేజీ రిక్వెస్ట్ హెడర్లలో కుకీ ఉందేమో చూడండి. అక్కడ లేకపోతే చీటీని బ్రౌజర్ తీసుకోలేదు లేదా చూపించడం లేదు. మీరు హెచ్‌టీటీపీఎస్ లేకుండా టెస్ట్ చేస్తూ సెక్యూర్ పెట్టి ఉండవచ్చు. కుకీకి పాత్ తప్పుగా ఇచ్చి, లాగిన్ దారికే పరిమితం చేసి ఉండవచ్చు. ఒక పేజీని లోకల్‌హోస్ట్ అని, ఇంకో పేజీని 127.0.0.1 అని తెరుస్తూ ఉండవచ్చు. రెండూ ఒకే మెషీన్ అయినా బ్రౌజర్ లెక్కలో వేర్వేరు పేర్లు, ఒకదాని చీటీ ఇంకోదానికి చూపించదు.

మీ ఫ్రంటెండ్ (బ్రౌజర్‌లో కనిపించే భాగం) 3000 పోర్ట్‌లో, సర్వర్ 8000లో నడుస్తూ, ఫెచ్‌తో, అంటే జావాస్క్రిప్ట్ నుంచి ప్రశ్న పంపి లాగిన్ చేస్తుంటే నా అనుమానం ఎక్కువగా ఇక్కడే. పోర్ట్ మారితే ఆరిజిన్ మారినట్టే, అంటే బ్రౌజర్ లెక్కలో అది వేరే చోటు. అలాంటప్పుడు ఫెచ్ మామూలుగా కుకీలు పంపదు, వచ్చిన సెట్-కుకీని కూడా పట్టించుకోదు. ఫెచ్‌లో క్రెడెన్షియల్స్‌కు ఇన్‌క్లూడ్ అని ఇవ్వాలి. సర్వర్ కూడా యాక్సెస్-కంట్రోల్-అలౌ-క్రెడెన్షియల్స్ ట్రూ అని చెప్పాలి, అలౌ-ఆరిజిన్‌లో నక్షత్రం గుర్తు కాకుండా మీ అడ్రస్‌నే పూర్తిగా రాయాలి.

కుకీ సరిగ్గానే వెళ్తోంది, అయినా లాగిన్ అడుగుతోందంటే సర్వర్ ఆ సంఖ్యను తన దగ్గర కనుక్కోలేకపోతోంది. సెషన్లను, అంటే ఏ సంఖ్య ఏ యూజర్‌దో రాసుకున్న జాబితాను మెమరీలో ఉంచారా? మీరు ఫైల్ సేవ్ చేసిన ప్రతిసారీ డెవలప్‌మెంట్ సర్వర్ రీస్టార్ట్ అవుతుంది, వాటన్నిటినీ పారేస్తుంది. డేటాబేస్‌లోకో, కనీసం ఒక ఫైల్‌లోకో మార్చండి.

ఈ వరుసలో చూసి ఎక్కడ ఆగిందో చెప్పండి. సెట్-కుకీ వరుసను మొత్తంగా పెట్టండి, కానీ ఈక్వల్ టు తర్వాత ఉండే ఆ పొడవాటి సంఖ్యను మాత్రం చెరిపేసి పెట్టండి.